నంబరు పడిన కొబ్బరిచెట్లు

పాత ఇనుము కొనేవాళ్ళు మొన్న మా వ్యాను తలుపు లాగారు. ఏళ్ళ తరబడి ఎవరూ తీయని తలుపు, కిర్రుమని సగం వచ్చి ఆగింది. ఆ సందులోంచి ముందు వాసన బయటికొచ్చింది. సోల్డరింగు పొగ, పాత పెట్రోలు, ఎండిన రెక్సిను, సీటు చిరుగులో మా నాన్న కుక్కిన కొబ్బరిపీచు, అన్నీ కలిసిన వాసన. ఎవరికైనా ఆ వాసనకి కళ్ళు చెమరుస్తాయి. నాకు మాత్రం ముందు అనుమానం వచ్చింది. ఇన్నాళ్ళు మూసి ఉన్న బండిలో వాసన ఇంత తాజాగా ఎలా ఉంది, ఎవరో తాళం తీసి వాడుకుంటున్నారేమో అని టైర్లు చూశాను. నాలుగూ నేలలోకి దిగి ఉన్నాయి.

నా తీరే అంత. మా కాలేజీలో పరీక్షలొస్తే హాల్లో కాపలాకి ముందు నా పేరే వేస్తారు. పాలు పోయించుకునేటప్పుడు గిన్నెలో వేలు ముంచి చూడందే లోపలికి తీసుకెళ్ళను. ఈ గుణం నాకు మా మామ్మ నుంచి వచ్చింది. నాన్నకి తల్లి, పేరు మార్తమ్మ. కోడిగుడ్డు కొంటే చెవి దగ్గర పెట్టి ఊపి చూసేది, చేపలమ్మాయి బుట్ట దించగానే చేప మొప్ప ఎత్తి రంగు చూసేది, గుడిలో పాస్టరుగారు అందర్నీ కళ్ళు మూసుకోమని ప్రార్థన మొదలుపెడితే ఈవిడ ఒక కన్ను తెరిచి గుమ్మంలో విడిచిన చెప్పుల వైపు చూస్తూ ఆమెన్ చెప్పేది. వయసులో ఉండగా ఆవిడ ఏటిగట్టు పక్కన వీర్రాజుగారి తోటలో పీచు కొట్టే పనికి వెళ్ళింది. కొడుకు చదువుకుని హైస్కూల్లో సైన్సు మాస్టారయ్యాక, ఒకసారి ఏదో పని మీద వీర్రాజుగారింటికి వెళితే, ఆయన లోపలి నుంచి కుర్చీ తెప్పించి అరుగు మీద వేయించి “కూర్చోండి మేష్టారూ” అన్నారట. మా ఇంటి నుంచి వెళ్ళినవాళ్ళకి ఆ అరుగు మీద కుర్చీ పడటం అదే మొదలు. మామ్మ ఆ కుర్చీ గురించి మాట్లాడని పండగ లేదు. కుర్చీకి చేతులున్నాయని కూడా చెప్పేది.

మాది ముక్తేశ్వరం, ఊరి చివర ఇల్లు. గట్టెక్కితే గోదావరి, దిగితే కొబ్బరితోటలు, ఆ రెంటి మధ్యా మా చిన్నతనం. క్రిస్మస్‌కి చేసిన గులాబీపువ్వులూ కజ్జికాయలూ డబ్బాలో అడుగంటుతుంటే తేగల రోజులొచ్చేవి. మామ్మ వాటిని కుండలో పెట్టి కాల్చి, నారలు తీసి, ఉప్పూ కారం అద్ది ఇస్తే, నాలుక పొడిబారుతున్నా ఆపకుండా నమిలేవాళ్ళం. దింపు రోజున తోటలో ధబ్ ధబ్ మని కాయలు పడుతుంటే, దింపు తీసేవాళ్ళు పైనుంచి తప్పుకోమని కేక వేసేదాకా చెట్ల కింద పరిగెత్తేవాళ్ళం. మట్ట నరికి బ్యాటు చేసుకుని, పిందెని బంతి చేసుకుని ఆడి, ఓడినవాళ్ళ చేత మొలకొచ్చిన కాయ కొట్టించి లోపలి పువ్వు పంచుకునేవాళ్ళం. నాకు వచ్చిన ముక్క చిన్నదని నేను ప్రతిసారీ దెబ్బలాడేదాన్ని. ఇప్పటికీ అది చిన్నదేనని నా నమ్మకం.

నేను అయిదో తరగతిలో ఉండగా నాన్న ఒక తెల్ల మారుతీ వ్యాను కొన్నారు, ఎవరో వాడి అమ్మినది. తెల్ల వ్యాన్లలో పిల్లల్ని ఎత్తుకుపోయి కొత్తగా కట్టే వంతెనల కింద బలిస్తారని మా బడిలో గట్టిగా చెప్పుకునే రోజులవి. అలాంటి బండి మా ఇంటి ముందే ఆగేసరికి నా స్నేహితురాళ్ళు రెండు రోజులు మా వీధిలోకి రాలేదు. మూడో రోజు వచ్చి సీట్ల కింద వెతికారు. నేనూ వాళ్ళతో కలిసి వెతికాను.

ఆ సీటు కిందికి తర్వాత చేరింది పిల్లలు కాదు, రేడియో. నాన్న దాన్ని తన చేత్తో చేసుకున్నారు. అరచెయ్యంత ఇనప డబ్బా, ఒక జత హెడ్‌ఫోన్లు, టెలిగ్రాఫు ఆఫీసుల్లో ఉండేలాంటి ఇత్తడి మీట. హామ్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. మీట కొడితే చుక్కలూ గీతలుగా శబ్దం వెళుతుంది, అవతల ఎవరో అదే భాషలో జవాబిస్తారు. ముందు ఇంట్లోనే పెట్టుకున్నారు గానీ, ఆయన మీట కొట్టినప్పుడల్లా పక్కింటి టీవీలో ఆదివారం సినిమాకి చారలు పడ్డాయి. పైగా మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ రొదలో ఈయనకి అవతలివాళ్ళు వినపడేవారు కాదు. అందుకని సరంజామా అంతా వ్యానులోకి ఎక్కించి, ఆదివారం గుడి నుంచి వచ్చి, కోడికూరతో భోంచేసి, మూడున్నరకల్లా గట్టు మీదికి వెళ్ళిపోయేవారు. అక్కడ ఒక కొబ్బరిచెట్టు పక్కన బండి ఆపి, పురికొస కట్టిన రాయిని మట్ట మీదుగా విసిరి, దాంతో సన్నటి రాగితీగను పైకి లాగి, వ్యాను బ్యాటరీకే డబ్బా తగిలించి కూర్చునేవారు.

ఇందులో దాచిందేమీ లేదు, అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పారు. చిక్కంతా చెప్పిన దాంట్లోనే వచ్చింది. మా ముందుగదిలో యేసుప్రభువు పటం కింద వెలిగే జీరో బల్బు ఉంది కదా, అంతకన్నా తక్కువ కరెంటుతో కటక్ దాకా మాట్లాడుతున్నానంటే ఎవరు నమ్ముతారు? కొండంత స్తంభాలు పాతినా పక్క ఊళ్ళోకి సెల్‌ఫోను సరిగ్గా పలకని కాలం. ఒకసారి నన్ను కూడా తీసుకెళ్ళి హెడ్‌ఫోను చెవికి పెట్టారు. ఎక్కడో చీమ ఏడ్చినట్టు సన్నగా పీపీమని వినపడింది. ఏమంటున్నారు నాన్నా అంటే, “కటక్‌లో రిటైరైన ఒకాయనమ్మా, బాగున్నారా, అక్కడ ఎండలెలా ఉన్నాయి అంటున్నారు” అన్నారు. ఆ పీపీ అయిదు నిమిషాలు సాగింది. ఎండల గురించి అయిదు నిమిషాలా? తప్పకుండా ఇంకేదో ఉందనుకున్నాను.

అన్నిటికన్నా ఆయన పుస్తకం నన్ను ఎక్కువ బాధ పెట్టింది. బడిలో వాడే పొడుగాటి నోటుబుక్కు. ప్రతి మాటామంతీ అందులో రాసేవారు, తేదీ, వేళ, స్థలం, ఎవరితో, ఎంత బాగా వినపడింది, ఎందుకు ఆపారు. ఆ లాగ్‌బుక్కుని సీటు కింద పెట్టెలో తాళం వేసేవారు. చూపించమంటే సర్కారువాళ్ళు ఎప్పుడైనా తనిఖీ చేయొచ్చు, పిల్లలు ముట్టుకోకూడదన్నారు. “ఇందులో అబద్ధం రాయకూడదు పాపా. తప్పు పడితే చెరపకూడదు. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి” అన్నారు. తాళం వేసేవాళ్ళు నిజాలు ఎందుకు రాస్తారని నేను మామ్మని అడిగాను.

మామ్మకి కావలసింది అదే. “రేడియో అంటే పాటలు రావాలి గానీ కీచురాయిలాగా ఆ గోలేటే? ఆదారం ఆదారం ఎక్కడ ఆపుతున్నాడో ఓసారి సూడు. ఒక్క సోటే అయితే పర్లేదు. సోటు మారితే మట్టుకు ఏదో ఉన్నట్టే” అంది. అమ్మకి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, ఆదివారాలు కూడా డ్యూటీ. ఆవిడ ఇంట్లో ఉండి ఉంటే మా ఇద్దరికీ చెరో మొట్టికాయ పడి కథ అక్కడే ఆగేది.

చోటు మారింది, ప్రతి ఆదివారమూ మారింది. ఎక్కడ తీగ బాగా పలుకుతుందో వెతుక్కుంటున్నానని నాన్న అన్నారు. వెతుక్కునేవాళ్ళు అలాగే అంటారని మామ్మ అంది. ఏ వారం ఎక్కడ ఆగారో నాకు గుర్తుండటం లేదు, అన్ని కొబ్బరిచెట్లూ ఒక్కలాగే ఉన్నాయి. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. క్రిస్మస్ ముందు మా కిటికీ చువ్వలకి వేయగా మిగిలిన ఎర్రరంగు డబ్బా దొడ్లో ఉంది. సోమవారం బడి అయ్యాక ఆ డబ్బా సైకిలు బుట్టలో పెట్టుకుని గట్టెక్కి, టైర్ల జాడ చూసుకుంటూ వెళ్ళి, వ్యాను ఆగిన చెట్టుకి పీచు కుంచెతో ఒకటి అని అంకె వేశాను. అంతకుముందు ఏడాది కాలవ పక్కన చెట్లకి వేసిన నంబర్లు చూశాను కాబట్టి, అచ్చం అలాగే అంకె చుట్టూ గుండ్రంగా గీత కూడా చుట్టాను. తర్వాత కిరసనాయిలుతో చేతులు తోముకున్నాను. మరుసటి సోమవారం రెండు. ఆ పైవారం మూడు. అలా ఎనిమిది దాకా వచ్చింది.

కాలవ పక్కన ఆ నంబర్లు పడిన చెట్లు తర్వాత ఏమయ్యాయో నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. కొబ్బరిచెట్టు మీద ఎర్రరంగు అంకె పడిందంటే మా వైపు దానికి ఒకటే అర్థం. రోడ్డుకో కాలవకో పైపులకో ఆ చెట్టు లెక్కలోకి వెళ్ళింది, ఇక అది యజమానిది కాదు. పైగా ఆ ఏడు నేల కింద గ్యాసు ఉందేమోనని చూసే సర్వేవాళ్ళు మా చుట్టుపక్కల తిరుగుతున్నారు. వ్యాన్లలో వచ్చి, పొలాలకి అడ్డంగా పొడుగాటి వైర్లు పరిచి, చిన్న పెట్టెల ముందు చెవులకి ఏదో తగిలించుకుని కూర్చునేవారు. ఇప్పుడు మా నాన్న తెల్ల వ్యాను, తీగ, పెట్టె, చెవులకి హెడ్‌ఫోన్లు, ఆయన ఆగిన ప్రతి చెట్టుకీ నంబరు. నాకే బయటి నుంచి చూస్తే అనుమానం వచ్చేది.

దింపుకి వచ్చినవాళ్ళు ముందు చూశారు. వారం తిరక్కుండా ఊళ్ళో మాట మారింది. నాన్న వెళుతుంటే టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయేవి. “మీ నాన్నగారు గ్యాసోళ్ళ దగ్గర పనికి కుదిరేరంటగా?” అని బడిలో ఒకమ్మాయి నన్ను చాలా మర్యాదగా అడిగింది. అప్పటికి గానీ నేను చేసిన పని నాకు అర్థం కాలేదు. నేనే వేశానని చెబితే అయిపోతుంది. చెబితే, కన్నతండ్రి వెనక నేను ఎందుకు తిరిగానో కూడా చెప్పాలి. చెప్పకపోతే మామ్మ కుర్చీ పోతుంది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, మూడో రోజు రంగుడబ్బా బావిలో పడేశాను.

తొమ్మిదో ఆదివారం, ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం. పొద్దున్న గుడి చుట్టూ కొబ్బరిమట్టలు పట్టుకుని పాటలు పాడుతూ తిరిగాం. నాన్న తెల్లప్యాంటు, తెల్లచొక్కా. ఆ బట్టలతోనే గట్టు మీదికి వెళ్ళారు. నాకు మనసాగక సైకిలేసుకుని వెనకే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి వ్యాను చుట్టూ పదిమంది దాకా నిలబడి ఉన్నారు, కొందరి నడుముల్లో దింపు కత్తులున్నాయి. నాన్న లోపల కళ్ళు మూసుకుని మీట కొడుతున్నారు. వీర్రాజుగారు కిటికీ మీద మెల్లగా తట్టి, “మేష్టారూ, ఓసారి దిగుతారాండీ?” అన్నారు. నాన్న ఒక్క నిమిషమని వేలు చూపించి, ఇంకా ఏదో టకటకా కొట్టి, హెడ్‌ఫోన్లు తీసి దిగారు.

“కోపం తెచ్చుకోకండి. మా చెట్లకి నంబర్లు మీరేసేరాండీ?”

నాన్న దూరంగా కనిపిస్తున్న ఎనిమిదో నంబరు చెట్టు వైపు చూశారు. తర్వాత అక్కడున్నవాళ్ళందరి వైపూ వరసగా చూశారు. సైకిలు పట్టుకుని నిలబడ్డ నా దగ్గరికి వచ్చేసరికి చూపు నా తల మీదుగా ఏటి వైపు వెళ్ళిపోయింది.

“ఆయ్, నేనేనండి” అన్నారు.

“ఎందుకేసేరండీ?”

“గుర్తుకండి. ఏ చెట్టు దగ్గర బాగా వినపడిందో తెలుస్తుందని.”

జేబులోంచి లైసెన్సు తీసి చూపించారు. అంతా ఇంగ్లీషు, పైన మూడు సింహాల ముద్ర. ఆ ముద్రతో ఆయన బయటపడతారనుకున్నాను. వెనకనుంచి ఒకతను తొంగిచూసి, “సింహాలున్నాయండీ. గవర్నమెంటోళ్ళ తాలూకే” అన్నాడు. అందరూ తలలూపారు. వీర్రాజుగారు కాగితం జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చారు. “చదువుకున్నోరు, మీకు చెప్పేవాళ్ళం కాదండి. మీ అమ్మగారు మా తోటలో పీచు కొట్టేరు. మీరు మాకు ఇలా చేస్తారనుకోలేదండి” అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“తుడిచేస్తానండి” అన్నారు నాన్న. ఎవరో కత్తి ఇచ్చారు. ఎనిమిదో చెట్టు దగ్గర మొదలుపెట్టి ఒకటో చెట్టు దాకా, ఎండ వాలేలోగా, గట్టు పొడుగునా నడిచి ఎనిమిది చెట్లూ గీకారు. నేను వేసింది నా ఛాతీ ఎత్తులో. ఆయన ప్రతి చెట్టు దగ్గరా మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. రెండో చెట్టుకే తెల్లప్యాంటు మోకాళ్ళు మట్టికొట్టుకుపోయాయి. అంతమంది వంగి వంగి అంకెలు చూశారు గానీ, పెద్ద మనిషి వేసిన నంబరుకి మనం ఎందుకు వంగుతున్నామని ఒక్కరూ అడగలేదు. నేనేనండీ అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. అయిదో చెట్టు దగ్గర తెరిచాను, మూడో చెట్టు దగ్గర తెరిచాను. రెండుసార్లూ మూసేశాను. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. ఆ మంట ఇది రాస్తుంటే మళ్ళీ వచ్చింది.

ఇంటికొచ్చాక మామ్మ ఆ ప్యాంటు చూసింది, నా చేతులు పట్టుకుని వాసన చూసింది. “నీకేం తెలీదు. నాకూ ఏం తెలీదు” అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ కుర్చీ గురించి మాట్లాడటం మానేసింది. నాన్న గట్టు మీదికి వెళ్ళడం మానేశారు. రేడియో ఏమైంది నాన్నా అంటే, “బ్యాటరీ వీకైందమ్మా” అనేవారు. కటక్ ఆయన నుంచి రెండు కార్డులొచ్చాయి. నాన్న వాటిని చదివి చొక్కా జేబులో పెట్టుకున్నారు. సర్వేవాళ్ళు మా వైపు మళ్ళీ రాలేదు, చెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండేళ్ళ తర్వాత వీర్రాజుగారు కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, గెల బొండాలు దింపించి, ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడి వెళ్ళారు.

ఇక్కడ నా బుద్ధి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ రోజు నుంచి నాన్న మీద నా అనుమానం తగ్గలేదు, పెరిగింది. తను వేయని నంబర్లు తనే వేశానని ఎందుకు ఒప్పుకున్నారు? ఎవరు వేశారో ఆయనకి తెలియదు కదా. ఇంకా పెద్దదేదో దాచడానికి చిన్నది ఒప్పుకున్నారని నేను తేల్చుకున్నాను. డిగ్రీ అయ్యేదాకా అదే అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను గానీ అడగలేదు. రెండేళ్ళ కిందట ఆయన పోయారు, ఇక అడగడానికి లేదు.

వ్యాను పాత ఇనుముకి ఇచ్చేద్దామని అమ్మ అంది. ఆ ముందురోజు నేను గట్టు మీదికి వెళ్ళాను. గట్టు వెడల్పు చేసి తారు వేశారు. నాన్న గీకిన చెట్లలో ఒక్కటీ కనపడలేదు. ఇంకా మిగిలిన వరసకి అచ్చమైన నంబర్లు పడ్డాయి, పెద్దవాళ్ళ ఛాతీ ఎత్తులో. వాటి కింద, నా చిన్నప్పటి ఎత్తులో, కత్తిగాటు ఏమైనా ఉందేమోనని వంగి వంగి వెతికాను. దారిన పోయే మోటారుసైకిలతను ఆగి, నన్ను ఎగాదిగా చూసి, “సర్వే వాళ్ళాండీ?” అన్నాడు.

ఇనుము వాళ్ళు టైర్లు విప్పుతుండగా సీటు కింద పెట్టె తాళం పగలగొట్టించాను. ఇత్తడి మీట, హెడ్‌ఫోన్లు, కటక్ కార్డులు, లాగ్‌బుక్కు. అక్కడే మడ్‌గార్డు మీద ఆనుకుని తెరిచాను. ఆ ఏటి పేజీల్లో అన్ని గడులూ నీలం సిరాతో ఉన్నాయి, స్థలం గడి మాత్రం నల్ల సిరాతో, తర్వాతెప్పుడో నింపినట్టు ఉంది. మొదటి ఆదివారం ఎదురుగా, ఒకటో నంబరు చెట్టు. తర్వాత రెండో నంబరు చెట్టు. మూడో నంబరు చెట్టు, ఇక్కడ బాగా వినపడింది. ప్రతి వారమూ నేను అంకె వేసేదాకా ఆగి, వెళ్ళి చూసుకుని వచ్చి, ఆ గడి నింపారు. మా కిటికీ చువ్వల రంగు ఆయనకి తెలియదా, నా ఎత్తు తెలియదా.

ఆఖరి వరస మట్టల ఆదివారానిది. కటక్ ఆయనతో, నాలుగూ నలభై. స్థలం గడి ఖాళీగా ఉంది. ఎందుకు ఆపారు అన్నచోట ఒక్కటే మాట రాసి ఉంది, వాన.

ఆ రోజు వాన లేదు. గీకిన పెచ్చులు ఆయన చొక్కాకి పొడిపొడిగా అంటుకోవడం నేను చూశాను. అబద్ధం రాయకూడదన్న పుస్తకంలో, నిజం రాయాలంటే నా పేరు రాయాలి కాబట్టి, వాన అని రాశారు. ఇనుము వాళ్ళు చూస్తున్నారని కూడా అనుకోకుండా చాలాసేపు ఏడ్చాను.

తర్వాత బ్యాగులోంచి పెన్ను తీశాను. ఆయన చెప్పినట్టే, రాసి ఉన్నది చెరపలేదు. పక్కన, “వాన కాదు. నంబర్లు వేసింది నేను” అని రాసి, సంతకం పెట్టాను.